పెన్సిల్‌తో వేసిన మార్కులు

ఆయన పోయారన్న కబురు మా ఇంగ్లీషు టీచర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడింటికి వచ్చింది. చంద్రగిరిలో పనిచేసే ఒకాయన నాలుగు వాక్యాల సంతాపం ఇంగ్లీషులో రాసి కింద తన పేరు పెట్టుకున్నాడు. బడిగంట కొట్టేలోపల దాన్నే నలభై మంది కాపీ కొట్టి పెట్టారు. అందులో ముగ్గురు ఆ చంద్రగిరి ఆయన పేరు తీసేయడం కూడా మరిచిపోయారు. బతికుంటే ఆయన అవన్నీ తీరిగ్గా చదివి, "మొదట రాసినాయనకు మాత్రం మార్కులేద్దాం మేడం" అని ఉండేవారు. నేను ఏమీ రాయలేదు. ఆయన గురించి నేను చెప్పవలసింది ఒకటుంది, అది గ్రూపులో పెట్టేది కాదు.

ఆయన తిరుచానూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఇల్లు పాకాలలో. రోజూ పొద్దున పాసింజరు బండిలో తిరుపతికి వచ్చి, అక్కణ్నించి బస్సులో బడికి పోయేవారు. నేను తిరుపతి టౌన్లో ఇంకో బడిలో ఇంగ్లీషు టీచర్ని. ఇద్దరం ఒకే చోట ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ట్రైనింగుల్లో, పేపర్లు దిద్దే క్యాంపుల్లో కలిసేవాళ్లం, అంతే. ఏడాదికి నాలుగైదుసార్లు చూసిన మనిషి ఇంతగా గుర్తుండిపోవడం నాకే చిత్రంగా ఉంది.

మనిషి పొట్టి. చొక్కా మాత్రం ఎప్పుడూ ఒంటికి అతికినట్టుండేది, తనే కుట్టుకునేవారు. వాళ్ల నాయన పాకాల బజార్లో టైలరు. ఇంట్లో ఉర్దూ, బయట మన చిత్తూరు తెలుగు. ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం మేమంతా తలలు వంచుకుని నవ్వు ఆపుకునేవాళ్లం. ఆ సంగతి ఆయనకు తెలుసు. "నా ఇంగ్లీషు పాసింజరు బండి మాదిరి మేడం. సప్పుడు జాస్తి. అయినా ఊరు చేరుస్తాది," అనేవారు.

జేబులో పెన్ను ఉండేది కాదు. రిజిస్టరులో సంతకం పెట్టాలంటే పక్కవాళ్లను అడిగేవారు. ఆయన దగ్గర ఉన్నదల్లా అరిగిపోయిన ఒక పెన్సిల్ ముక్క. మార్కులు పెన్సిల్‌తో వేస్తే రేపు ఎవరైనా దిద్దేయరా అని ఒకసారి అడిగాను.

"రేపు ఆ పిల్లోడే దిద్దుకోవల్ల కదా మేడం. ఈ పొద్దు రానిది రేపటికి వచ్చేసింటాది. అప్పుడు తుడిపేదానికి వీలుగా ఉండొద్దా?" అన్నారు.

నాది ఎర్ర ఇంకు. ఒకసారి వేశానంటే దేవుడు దిగివచ్చినా మారదని నా బళ్లో అందరికీ తెలుసు. అది మెచ్చుకోలు అనే అనుకునేదాన్ని.

ఆయన్ని మొదట చూసింది తిరుపతిలో జరిగిన మూడు రోజుల ట్రైనింగులో. పరీక్ష పేపరు లేకుండా పిల్లలకు ఏమి వచ్చిందో ఎలా తెలుసుకోవాలి అన్నది విషయం. వాళ్లు మాట్లాడేది వినాలి, చేసే పని చూడాలి, ఏడాది పొడుగునా చేసినవన్నీ దాచి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, ఇవీ పాఠాలు. మూడో రోజు సాయంత్రం మేము ఎంత నేర్చుకున్నామో చూడటానికి మాకే ఒక పరీక్ష పేపరు ఇచ్చారు. ఇందులోని తమాషా ఆ పూట మాకెవరికీ తట్టలేదు. అందరికీ బస్సుల తొందర. ముందు బెంచీలో కూర్చున్న నా పేపరు వెనక్కి వెళ్లి, హాలంతా తిరిగి, నలిగిపోయి నా దగ్గరికి వచ్చింది. ఆయన మాత్రం ఒక మూల కూర్చుని తోచింది రాసి ఇచ్చారు. మార్కుల జాబితా గోడకు అంటించారు. నేను మొదట, ఆయన చిట్టచివర.

ఆ జాబితాను ఫోనులో ఫోటో తీసుకుని ఆయన నా దగ్గరికి వచ్చారు. "ఫస్టు మీరేనంట మేడం. మీ ఎనకామె కూడా ఫస్టేనంట. ఆమె ఎనకాయన కూడా. మంచి బెంచీ మేడం అది," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మరుసటి రోజు ఆ ఫోటోను తరగతిలో చూపించి, "సూడండబ్బా, అందరికంటే కడాన ఉండేది మీ సారే" అని చెప్పుకున్నారట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

పేపర్లు దిద్దే క్యాంపులో అందరికంటే ఆలస్యం ఆయనే. మాకు ఒక చూపుకే తెలిసిపోయేది, పేజీ నిండిందా లేదా అని. ఆయన మాత్రం, పరీక్షలో పిల్లలు రాసిన ఉత్తరాలు మొదటి నుంచీ చివరిదాకా చదివేవారు. ఒక్కోసారి పైకే నవ్వేవారు. "ఈ పిల్లోడెవరో గానీ మేడం, యాడా కాపీ కొట్టలా. తప్పులన్నీ సొంతంగా చేసినాడు," అని ఆ పేపరు నాకు చూపించబోయేవారు. నేను తలెత్తేదాన్ని కాదు.

ఆయన తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక గుడ్డసంచి ఉండేది. టైలరు కొట్లో మిగిలిన ముక్కలతో తనే కుట్టి ఇచ్చేవారు. పిల్లలు ఇంగ్లీషుతో చేసిన పనుల గుర్తులు అందులో వేయాలి. షరతు ఒక్కటే, ఆ ఇంగ్లీషు ఎవరికైనా పనికొచ్చి ఉండాలి. ఒకడు వాళ్ల అవ్వ మందులు ఏది తినకముందో ఏది తిన్నాకో చదివి చెప్పి, అయిపోయిన మాత్రల అట్ట తెచ్చి సంచిలో వేశాడు. ఒక పిల్ల లాడ్జిలో దిగిన ఒడిశా వాళ్లకు రైలు టైము మారిన సంగతి చెప్పి, వాళ్ల చేత రెండు వాక్యాల చీటీ రాయించుకుని వచ్చింది. గైడు చూసి రాసిన వ్యాసాలు, సెలవు చీటీలు ఆ సంచిలోకి రానిచ్చేవారు కాదు. "మా నాయన అంగీ కుట్టేదానికి మనిషిని నిలబెట్టి కొలిచేవాడు మేడం. నీ కొలతలు నువ్వే ఇంటికాడ రాసుకోని రా అని ఏ పొద్దూ చెప్పింది లేదు," అనేవారు.

ఒక లాడ్జి ఓనరు, యాత్రికులు మేడ మీద బట్టలుతికి ట్యాంకు నీళ్లన్నీ అవజేస్తున్నారని గోల పెడితే, ఈయన తన తరగతి పిల్లల చేత ఇంగ్లీషులో బోర్డు రాయించారు. ఒక్క తప్పు లేకుండా అందంగా రాశారట. ఆ ఆదివారం ఆయన పనిగట్టుకుని పాకాల నుంచి వచ్చి ఆ మేడ మీద నీడ చూసుకుని కూర్చున్నారు, మార్కులు వేయడానికి. మధ్యాహ్నం దాకా ఎనిమిది కుటుంబాలు హాయిగా ఉతుక్కుని, తడి లుంగీలు తెచ్చి ఆ బోర్డు మీదే ఆరేశాయి. సోమవారం ఆయన నోటుపుస్తకంలో 'సగమే జరిగింది' అని రాసుకుని, పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టారు. రెండో బోర్డులో ఉతకొద్దు అన్న మాట లేదు, కింద ఉతుక్కునే చోటు ఎక్కడుందో దారి చెప్పారు. అది పనిచేసింది. ఆయన లెక్కలో ఉన్నవి మూడే: జరిగింది, సగమే జరిగింది, ఇంకా జరగలేదు. వీటిని మార్కులుగా మార్చి పైకి పంపే రోజు వచ్చిందంటే ఆయనకు పంటినొప్పి వచ్చినట్టుండేదని వాళ్ల హెడ్మాస్టరు చెప్పేవారు.

అప్పట్లో పదో తరగతిలో పబ్లిక్ పరీక్షకు ఎనభై మార్కులు. మిగతా ఇరవై బడిలో టీచరే వేయాలి. రెండూ కలిపి ముప్ఫై ఐదు వస్తే పాసు. ఆ ఇరవై సక్రమంగా వేశారో లేదో చూడటానికి వేరే బళ్లవాళ్లను జంటలుగా పంపేవారు. ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం మాకుండేది. ఆ ఏడాది తిరుచానూరు వైపు నాలుగు బళ్లు నాకూ ఇంకో హెడ్మాస్టరుకూ పడ్డాయి.

మొదటి బడిలో నలభై రెండు రికార్డులు, అన్నింటికీ ప్లాస్టిక్ అట్టలు. పిల్లలు సొంతంగా రాయాల్సిన ప్రాజెక్టు, 'జూకి వెళ్లిన రోజు'. నలభై ఇద్దరూ ఒకే ఆదివారం జూకి వెళ్లారు. నలభై ఇద్దరికీ పులి నిద్రపోతూనే కనిపించింది. నలభై ఇద్దరూ అలిసిపోయి ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నారు. అందరికీ ఇరవైకి ఇరవై. నేను అన్నింటి మీదా ఎర్ర ఇంకుతో సంతకం చేశాను. కాగితం ఉంది, రాత ఉంది, తేదీ ఉంది, ఇంకేం కావాలి? నా బళ్లో కూడా ఆ పులి నిద్రపోతూనే ఉండేది.

రెండో బడి ఆయనది. బెంచీల మీద సంచులు వరుసగా పెట్టి ఉన్నాయి. నాతో వచ్చిన హెడ్మాస్టరు ఒక సంచి బోర్లిస్తే మాత్రల అట్టలు, లాడ్జి రసీదు, నలిగిన రైలు టికెట్టు రాలాయి. "ఏం సార్ ఇది, చెత్తబుట్టా?" అన్నాడాయన. నేను జాబితా చూస్తున్నాను. ఒక అమ్మాయి పేరు ఎదురుగా పద్దెనిమిది ఉంది. ఆమె రాసిన చిన్న పరీక్షల పేపర్లలో ఆరుకు మించి లేదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఈ పద్దెనిమిది ఎక్కణ్నించి వచ్చిందని అడిగాను.

"ఆ పిల్ల రాయలేదు మేడం. మాట్లాడతాది. వాళ్లమ్మ అమ్మవారి గుడి కాడ పూలమ్ముతాది, సాయంత్రమయితే ఈ పిల్లా ఆడే. పోయిన నెల మహారాష్ట్ర వాళ్ల ముసలాయన తప్పిపోయినాడు. వాళ్లకు తెలుగు రాదు. ఈ పిల్లే ఇంగ్లీషులో అడిగింది, ఏం గుడ్డలేసుకోనుండాడు, యాడ వదిలేసినారు, చెవులు వినిపిస్తాయా లేదా, అన్నీ. పోలీసోళ్లకు తెలుగులో చెప్పి, గంటలో ఆ ముసలాయన్ని తెచ్చి వాళ్ల చేతిలో పెట్టింది. నేను పక్కనే ఉండి రాసుకున్నా," అంటూ నోటుపుస్తకం తెరిచారు. పేజీ నిండా ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు, వాళ్ల జవాబులు ఉన్నాయి. చివర 'జరిగింది' అని ఉంది. అంతా పెన్సిల్ రాత.

"పెన్సిల్ రాత ఆధారం కాదు సార్. అదీ మీరు రాసుకున్నది. పిల్ల రాసిందేది?" అన్నాను.

"పిల్లనే పిలిపిస్తా మేడం. పక్క రూములోనే ఉండాది. మీరేమన్నా అడగండి. ఐదు నిముషాలు, అంతే."

"టైము లేదు సార్. ఇంకా రెండు బళ్లున్నాయి."

టైముంది. ఆ బడిలో మేము టీలు తాగి, సమోసాలు తిని, నాతో వచ్చిన హెడ్మాస్టరు కట్టుకుంటున్న కొత్త ఇంటి గురించి పావుగంట మాట్లాడుకున్నాం. ట్రైనింగులో ఆయన 'మంచి బెంచీ' అన్న మాట నేను ఇంకా మరిచిపోలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. పద్దెనిమిది కొట్టేసి ఎనిమిది వేసి, పక్కన సంతకం పెట్టాను. ఇంకో ఐదుగురివి కూడా తగ్గించాను. ఆయన బెంచీ మీద పడ్డవాటిని ఏరి, ఏది ఎవరిదో చూసుకుంటూ మళ్లీ సంచుల్లో వేశారు.

ఫలితాలు వచ్చాయి. ఆ ఐదుగురూ ఎలాగో గట్టెక్కారు. ఆ అమ్మాయికి పబ్లిక్ పరీక్షలో ఇరవై రెండు. నా ఎనిమిదితో కలిపి ముప్ఫై. ఆయన వేసిన పద్దెనిమిది ఉండి ఉంటే నలభై. మిగతా సబ్జెక్టులన్నీ పాసై, ఒక్క ఇంగ్లీషు తప్పింది.

వారం తిరక్కుండా ఆయన మా ఇంటికి వచ్చారు. మేము పిల్లను పిలిచి వినలేదని నేను జిల్లా ఆఫీసుకు రాసిస్తే ఆ మార్కులు మళ్లీ చూస్తారట. నెలాఖరు గడువు. కాగితం ఆయనే రాసుకొచ్చారు, ఆ ఒక్కసారి ఇంకుతో. నేను సంతకం పెడితే చాలు. నాకు ఆ ఏడే హెడ్మాస్టరు ప్రమోషను రావలసి ఉంది. తప్పు చేశానని నా చేత్తో నేనే రాసిచ్చుకోవడమా? ఆలోచించి చెబుతానన్నాను. ఆయన రెండుసార్లు ఫోను చేశారు. ఒకసారి ఊళ్లో లేనన్నాను, ఒకసారి ఎత్తలేదు. నెల అయిపోయింది.

తర్వాత సప్లిమెంటరీ పేపర్లు దిద్దే క్యాంపులో కలిశాం. నేను ఆయనకు దూరంగా కూర్చున్నాను. టీ విరామంలో ఆయనే గ్లాసు పట్టుకుని వచ్చారు.

"ఆ పిల్లకు చెప్పేసినా మేడం. నీకు పద్దెనిమిదే వేసినా, ఆఫీసుకు పంపేటప్పుడు నేనే పొరపాటున ఎనిమిదని ఎక్కించినా, గడువు దాటిపోయింది, తప్పు నాదేనని. మీ మాట రానీలేదు. మీరేం ఇబ్బంది పడొద్దండి."

ఎందుకలా చెప్పారని అడిగాను.

"నీ మాటకు ఎనిమిదేనని పెద్దోళ్లు తేల్చేసినారంటే ఆ పిల్ల ఇంక నోరు తెరవదు మేడం. సారు తప్పు రాసినాడంటే సారును తిట్టుకుంటాది. తిట్టుకోనీ. మాట్లాడతా ఉంటే సాలు నాకు," అన్నారు. తర్వాత నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, గ్లాసు ఇచ్చేయడానికి వెళ్లిపోయారు.

నాకు పెద్ద బరువు దిగినట్టయింది. అది కూడా దాచను. ప్రమోషను వచ్చింది. కొన్నాళ్లకు బడిలో వేసే ఆ ఇరవై మార్కులే ఎత్తేశారు. ఆయన రిటైరయ్యారు, నేనూ అయ్యాను. కలిసినప్పుడల్లా నవ్వుతూనే పలకరించేవారు. ఆ పిల్ల ఊసు ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. సిగ్గుపడవలసిన మనిషిని నేనైతే, నన్ను చూసి తప్పుకోవలసిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

కబురు తెలిసిన రోజు నేను పాకాల వెళ్లలేదు. ఆయన ఇంట్లోవాళ్ల ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలో తెలియలేదు. నాలుగో రోజు తిరుచానూరు వెళ్లాను. ఆ అమ్మాయి పేరు నాకు గుర్తుంది. మార్కులు కొట్టేసిన పేరు మరిచిపోవడం కష్టం. బస్టాండులో అడిగితే పూలకొట్టు చూపించారు.

పాతికేళ్ల లోపు మనిషి, కనకాంబరాలు కడుతోంది. కొట్టు ముందు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం, నడవలేని ఒక పెద్దావిడతో నిలబడి ఉంది. "నౌ బిగ్ లైన్. గ్రాండ్‌మదర్ సిట్ హియర్, షేడ్. యూ గో, టికెట్ టేక్, కమ్ బ్యాక్. దెన్ ఐ షో అదర్ గేట్, నో స్టెప్స్," అని ఆ అమ్మాయి చేతులు ఆపకుండానే చెప్పింది. వాళ్లు ఇంకేదో అడిగారు. అర్థం కానిచోట ఆమె తిరిగి అడిగింది, వాళ్లకు తెలియనిచోట ఇంకో మాటతో చెప్పింది. పెద్దావిడ నీడలో కూర్చుంది. మిగతావాళ్లు ధైర్యంగా ఆమెను అక్కడ వదిలి వెళ్లారు. ఇది వినడానికే ఆయన ఆ రోజు నన్ను ఐదు నిమిషాలు అడిగారు.

నేను కూడా ఇంగ్లీషు టీచర్నేనని చెప్పి, సారు పోయిన సంగతి తెలుసా అని అడిగాను.

"తెలుసు మేడం. బస్సు డ్రైవరన్న సెప్పినాడు. నేను పోలేదు. ఆ సారుతో నాకు మాటల్లేవు, ఏండ్లయింది."

"ఎందుకమ్మా?"

"నాకొచ్చిన పద్దెనిమిది మార్కులు ఎనిమిదని రాసేసినాడు. ఆయనే ఒప్పుకున్నాడు, సారీ అని కూడా సెప్పినాడు. మళ్లా పరీచ్చ కట్టు, నేను సదివిస్తానన్నాడు. నాకు సీ అనిపించింది మేడం. బడీ వద్దు ఏమీ వద్దని ఈడ కూర్చున్నా. దినామూ సాయంత్రం ఆయన ఈడే బస్సెక్కేవాడు. నా తట్టు సూసేవాడు. నేను మొగం తిప్పుకునేదాన్ని. రిటైరైన రోజు కొట్టు కాడికే వచ్చినాడు. బాగుండావామ్మా అన్నాడు. నేను పలకలా."

తిట్టుకోనీ అని ఆయన టీ తాగుతూ తేలిగ్గా అన్న మాట ఇన్నేళ్లు ఇలా నడిచిందని నాకు తెలియదు. ఈ బస్టాండులో ఆమె ఊరూపేరూ తెలియని వాళ్లందరితోనూ మాట్లాడింది, ఆయనతో తప్ప.

"ఆయన తప్పు రాయలేదమ్మా," అన్నాను. "నీకు పద్దెనిమిదే వేశారు. వేరే బడి నుంచి చూడటానికి వచ్చి, దాన్ని కొట్టేసి ఎనిమిది వేసింది నేను. నిన్ను పిలిపిస్తానన్నారు, నేనే వద్దన్నాను. నీ మాటకు ఎనిమిదే అని తెలిస్తే నువ్వు మాట్లాడటం మానేస్తావని, ఆ తప్పు తన మీద వేసుకున్నారు."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎవరో మూర ఎంత అని అడుగుతున్నారు, వినిపించుకోలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇదంతా మీకు అప్పుడే తెలుసునా మేడం?"

"తెలుసు."

ఆమె సగం కట్టిన దండ పక్కన పెట్టింది.

"సారు ఉండంగా ఒక్క దినం ముందొచ్చి సెప్పింటే, పాకాలకు పోయి పలకరించి వచ్చింటాను కదా మేడం," అంది.